థర్మోకోల్ కణం కొనడం తప్పదా? 9వ తరగతి ప్రాజెక్టుకి పిల్లలే చేసుకోగలిగేది చెప్పండి

కొత్తపేట_అమ్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సోమవారానికల్లా వృక్షకణం మోడల్ ఒకటి, కిరణజన్య సంయోగక్రియ మీద వర్కింగ్ మోడల్ ఒకటి తెమ్మన్నారట. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు మార్కులు వాటికే. బడి ఎదురుగా స్టేషనరీ షాపుకి వెళ్తే థర్మోకోల్ కణాలు అప్పటికే వరసగా పేర్చి ఉన్నాయి, భాగాల పేర్లు కూడా అంటించేసి. హరితరేణువు ఆకుపచ్చ, మైటోకాండ్రియా ఎరుపు, కేంద్రకానికి సగం కోసిన ప్లాస్టిక్ బంతి. క్లాసులో సగం మంది అవే కొంటున్నారట. రిక్తిక అంటే ఏంటమ్మా అని పిల్లని అడిగితే "మధ్యలో నీలం రంగు వేస్తారు కదా, అదే" అంది. అప్పటినుంచి నాకు మనసొప్పట్లేదు. తనే చేసేది, కణాన్ని నిజంగా చూసేది ఏదైనా ఉంటే చెప్పండి. ఇంట్లో మైక్రోస్కోప్ లేదు. బడిలో ఉందంటారు గానీ ఆ బీరువా తీయగా పిల్లలెవరూ చూడలేదు.

హైటెక్_నాన్న
కొనేయండి అండీ. నాలుగు మార్కుల కోసం ఆదివారమంతా పోతుంది. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, మా వాడికి ప్రాజెక్టు సంగతి రాత్రి పడుకోబోయే ముందు గుర్తొస్తుంది. ఆ షాపు లేకపోతే మాకు దిక్కు లేదు.

గోదారి_గట్టు
@హైటెక్_నాన్న మీ ఇబ్బంది అర్థమైంది. కానీ అలాగైతే మార్కులు షాపాయనకి వెయ్యాలి కదా సార్.

బయోసైన్స్_మేడం
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. టీచర్లు థర్మోకోల్ ఎందుకు అడుగుతారో ముందు చెప్తా. మోడల్‌ని అలమరలో పెట్టొచ్చు, తనిఖీకి ఎవరైనా వస్తే చూపించొచ్చు. ఉల్లిపొర స్లైడు కాసేపట్లో ఎండిపోతుంది, చేశామని చూపడానికి ఏమీ మిగలదు. మార్కులు వేసినందుకు రుజువు కావాలి, అందుకని రుజువు మిగిలే ప్రాజెక్టులే ఇస్తారు. ఇది సరైన పద్ధతి అని నేననను. దీనికి విరుగుడు సులువు: పిల్ల చూసింది చూసినట్టు బొమ్మ గీసి, తేదీ వేసి, ఏం చేసిందో సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాస్తే అదే రుజువు. మా బడిలో నేను అవే తీసుకుంటున్నా.

ఉల్లిపొర ఎలాగూ అందరికీ తెలుసు, అయినా చెప్తా, ఎందుకంటే అందరూ ఒకేచోట పాడుచేస్తారు. ఉల్లిగడ్డని నాలుగు చెక్కలు చేసి ఒక పొర తీసుకోండి. దాని లోపలివైపు, అంటే గుంటగా ఉండే వైపు నుంచి విరిస్తే పల్చటి పారదర్శకమైన చర్మం వస్తుంది. గోరంత ముక్క చాలు. అది మడత పడకుండా నీళ్ళ చుక్కలో పరిచి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు గానీ పల్చగా కలిపిన అయోడిన్ గానీ ఒక చుక్క వేసి, కవర్ స్లిప్‌ని (పైన కప్పే పల్చటి గాజుబిళ్ళని) ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చాలి. టప్పున పడేస్తే గాలి బుడగలు ఇరుక్కుంటాయి. మైక్రోస్కోప్‌లో బుడగ గుండ్రంగా, నల్లటి దట్టమైన అంచుతో కనపడుతుంది. పిల్లలు దాన్నే కేంద్రకం అని గీసేస్తారు. అసలు కేంద్రకం ఇంకా చిన్నది, లేత రంగులో, చాలా కణాల్లో ఒక గోడకి ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఉండదు, ఎందుకంటే మధ్యంతా రిక్తికే, అంటే కణరసం నిండిన పెద్ద సంచి. మీ పాపకి రిక్తిక అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

పదో_తరగతి_బి_సెక్షన్
మేడం ఒక డౌట్. ఉల్లిపొరలో హరితరేణువులు ఎందుకు కనపడవు? వృక్షకణం బొమ్మలో ప్రతిసారీ గీయమంటారు కదా. మేం ల్యాబ్‌లో చూసినప్పుడు అసలు పచ్చదనమే లేదు, అయినా రికార్డులో గీసేశాం.

బయోసైన్స్_మేడం
@పదో_తరగతి_బి_సెక్షన్ చాలా మంచి డౌట్. కనపడంది గీయకు. ఉల్లిగడ్డ మట్టిలో పెరిగే నిల్వ భాగం, దానికి వెలుగు తగలదు, ఆ పొరల్లో హరితరేణువులు ఉండవు. వేర్లలో కూడా అంతే. పుస్తకంలోది "వృక్షకణంలో ఉండగలిగేవన్నీ" కలిపి గీసిన బొమ్మ. అన్నీ ఉన్న కణం ఒకచోట దొరకాలని లేదు. థర్మోకోల్ మోడల్‌తో నాకున్న పెద్ద గొడవ ఇదే. ప్రతి మొక్కలో ప్రతి కణమూ అలాగే ఉంటుందని పిల్లల బుర్రలో ముద్ర పడిపోతుంది.

హరితరేణువులు చూడాలంటే హైడ్రిల్లా అనే నీటిమొక్క తెచ్చుకోండి. చెరువుల్లో దొరుకుతుంది, చేపల తొట్లు అమ్మే షాపుల్లోనూ ఉంటుంది. ఆకు మందం మొత్తం రెండు కణాల వరసలే కాబట్టి కొయ్యక్కర్లేదు. చివరన ఉన్న లేత ఆకు ఒకటి తుంచి నీళ్ళ చుక్కలో పెట్టి కవర్ స్లిప్ వేస్తే చాలు. ఇటుకల వరసల్లా కణాలు, ఒక్కో దాంట్లో గోడ వెంబడి పచ్చటి గింజలు. దీపం వెలుగుకి ఆకు కాస్త వేడెక్కేదాకా కదలకుండా చూస్తూ ఉంటే ఆ గింజలు గోడ పక్కగా ఒకదాని వెనక ఒకటి జరుగుతూ కణం చుట్టూ తిరుగుతాయి. వాటికవే నడవవు, కణద్రవ్యం ప్రవహిస్తుంటే అందులో కొట్టుకుపోతుంటాయి. అది చూసిన పిల్ల కణం అంటే బల్ల మీద పెట్టే వస్తువు అనుకోదు.

మైక్రోస్కోప్_పిచ్చి
@కొత్తపేట_అమ్మ మైక్రోస్కోప్ లేదన్నారు కాబట్టి ఫోల్డ్‌స్కోప్ చూడండి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితం మైక్రోస్కోప్, 2014లో బయటికొచ్చింది. కాగితం మడిచి చిన్న గాజుపూస లాంటి కటకం బిగిస్తారు, దాదాపు 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఫోన్ కెమెరాకి ఆనించి ఫొటో కూడా తీయొచ్చు. మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కూడా దీన్ని బడులకి చేర్చే కార్యక్రమం నడిపింది. ఉల్లిపొర కణాలకి అంత కూడా అక్కర్లేదు, అవి మిల్లీమీటర్లో మూడో వంతు పొడవు దాకా ఉంటాయి. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ మంచిదైతే గడులు తెలుస్తాయి, కేంద్రకం మాత్రం కష్టం.

హైటెక్_నాన్న
అంటే ఇప్పుడు మైక్రోస్కోప్ కొనాలా! థర్మోకోల్ నయం కదా అన్నా.

మైక్రోస్కోప్_పిచ్చి
@హైటెక్_నాన్న థర్మోకోల్ కణం మార్చిలో చెత్తబుట్టకి పోతుంది, ఇది ఇంట్లో ఉంటుంది. దోమ కాలు, ఉప్పు, చొక్కా దారం, మీ వాడు అన్నీ పెట్టి చూస్తాడు. ఇంకోటి, ఆ థర్మోకోల్నే సన్నగా కోసి చూడమనండి. లోపల ఖాళీ గదులు కనపడతాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసి సెల్ అని పేరు పెట్టింది కూడా ఖాళీ గదులకే, చచ్చిపోయిన కణాల గోడలకి.

ఓరుగల్లు_సార్
నేను కొంచెం వేరే మాట చెప్తా. మోడల్ని అంత తీసిపారేయొద్దు. మైక్రోస్కోప్‌లో కనిపించేది చదునుగా ఉంటది, కణానికి లోతుందని పిల్లలకి తెలవదు. మా పిల్లలతో బంకమట్టితో చేయిస్తా. గోడ, లోపల పల్చటి త్వచం, మధ్యలో నీళ్ళు నింపిన చిన్న బుడగ రిక్తిక కింద. ఆ బుడగలో నీళ్ళు తగ్గిస్తే చుట్టూ ఉన్నది ఎట్ల కుంగుతదో చూపించి, అప్పుడు నీళ్ళు పొయ్యని మొక్క ఎందుకు వాలిపోతదో అడుగుతా. పిల్లలే చెప్తరు. పనికిరానిది షాపు మోడల్, పిల్లల చేతి మోడల్ కాదు.

బయోసైన్స్_మేడం
@ఓరుగల్లు_సార్ ఒప్పుకుంటా సార్. ముందు స్లైడు చూసి, తర్వాత మోడల్ చేస్తే నాకే అభ్యంతరం లేదు. మన దగ్గర జరిగేది తలకిందులు. మోడల్ చేయిస్తాం, స్లైడు చూపించం.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ మా అమ్మాయి మిడిల్ స్కూల్లో కణాన్ని కేకులా చేసి తెమ్మన్నారు. మిఠాయిలు గుచ్చి, పేర్లు జెండాలు పెట్టి, చివర్లో క్లాసంతా తినేశారు. గాల్జీ బాడీ ఎవరు తిన్నారని గొడవ కూడా అయిందట. అమెరికాలో అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు, అమ్మానాన్నల చేతిపని ఎక్కువ కనిపిస్తుంది. కాకపోతే తర్వాత టీచరు ప్రతి పిల్లనీ నిలబెట్టి మైటోకాండ్రియా పని చేయకపోతే ఏమవుతుంది అని అడిగారు, మార్కులు దానికి వేశారు. అది నచ్చింది నాకు.

గోదారి_గట్టు
మైటోకాండ్రియా అంటే "కణ శక్త్యాగారం" అని బట్టీ కొట్టించి వదిలేస్తారు. అక్కడ తయారయ్యే ఏటీపీ, అంటే కణం శక్తి కోసం వాడుకునే పదార్థం, సంగతి చెప్పేటప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఒక్కసారి చెప్తే ఎంత బాగుంటుంది! 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించింది ఆయనే. అదే ఏడు జర్మనీలో లోమాన్ విడిగా కనుక్కున్నాడు. మోడల్ మీద అంటించే చీటీలో ఈ మాట రాస్తే చాలు.

కొత్తపేట_అమ్మ
చాలా థాంక్స్ అందరికీ. ఫోల్డ్‌స్కోప్, హైడ్రిల్లా రాసుకున్నా. మరి కిరణజన్య సంయోగక్రియ సంగతి? "వర్కింగ్ మోడల్" అంటే క్లాసులో ఒకళ్ళు ఎల్‌ఈడీ బల్బులు వెలిగే చెట్టు చేస్తున్నారట.

విజ్జి_అమ్మ
ఆకు మీద అయోడిన్ ప్రయోగం చేయించండి. మేం చేశాం. ఆకుని గిన్నెలో స్పిరిట్ పోసి గ్యాస్ మీద మరిగిస్తే పచ్చరంగంతా దిగిపోతుంది.

బయోసైన్స్_మేడం
@విజ్జి_అమ్మ అలా ఎవ్వరూ చేయొద్దు!! స్పిరిట్‌ని నేరుగా మంట మీద పెట్టకూడదు. దాని ఆవిరి అంటుకుంటుంది, మంట గిన్నెలో నుంచి చేతి దాకా వస్తుంది. మీకు అప్పుడు ఏం కాలేదు, సంతోషం, ఇంకోసారి వద్దు. శానిటైజర్ అయినా అంతే. ఇలా చేయండి: నీళ్ళు బాగా మరిగించి స్టవ్ ఆపేయాలి. ఆ వేడినీళ్ళు వెడల్పాటి గిన్నెలో పోసుకుని స్టవ్‌కి దూరంగా, ఇంకో గదిలోకి తెచ్చుకోండి. చిన్న గాజు గ్లాసులో ఆకు, మునిగేంత స్పిరిట్ వేసి ఆ వేడినీళ్ళలో నిలబెట్టాలి. చుట్టుపక్కల దీపం, అగరుబత్తి ఏదీ ఉండకూడదు. పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

మిగతాది కూడా చెప్పేస్తా. కుండీలో ఉన్న మందార మొక్క మంచిది. రెండు రోజులు చీకట్లో పెడితే ఆకుల్లో ఉన్న పిండిపదార్థం అయిపోతుంది. తర్వాత ఒక ఆకు మీద పైనా కిందా నల్లకాగితం క్లిప్పుతో బిగించి ఎండలో పెట్టాలి, నాలుగైదు గంటలు. ఆకు కోసి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి, అప్పుడు స్పిరిట్‌లో. ఆకు వెలిసిపోయి పెళుసెక్కుతుంది, మళ్ళీ గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. దాని మీద పల్చటి అయోడిన్ చుక్కలు, పిండిపదార్థం ఉన్నచోట అది నల్లబడుతుంది. వెలుగు తగిలిన చోటంతా నీలి నలుపు, కాగితం కప్పిన చోట గోధుమ పసుపు. నల్లకాగితం మధ్యలో పిల్ల తన పేరు మొదటి అక్షరం కత్తిరిస్తే ఆ అక్షరం ఆకు మీద నల్లగా వస్తుంది. ఎల్‌ఈడీ చెట్టు కన్నా ఇది వర్కింగ్ మోడల్.

విజ్జి_అమ్మ
మేడం అంత ప్రమాదమని ఎవరూ చెప్పలేదండీ. ఈ వేడినీళ్ళ పద్ధతి (వాటర్ బాత్) సంగతి మా గ్రూపులో కూడా పెడతా.

పదో_తరగతి_బి_సెక్షన్
మేం ఇదే చేస్తే ఆకంతా నల్లగా వచ్చింది, కాగితం కప్పిన చోట కూడా. సార్ "వచ్చినట్టు రాసుకోండి" అన్నారు.

ఓరుగల్లు_సార్
చీకట్లో పెట్టకుండ సీదా చేసి ఉంటరు తమ్ముడూ. ఉన్న పిండిపదార్థమే రంగు చూపిస్తది. దాన్ని దాచిపెట్టొద్దు, "ఇట్ల వచ్చింది, కారణం ఇది అనుకుంటున్న" అని రాస్తే నేనైతే ఎక్కువ మార్కులేస్త.

ఆకు_పచ్చ
ఇంకొకటి, ఉల్లికాడతో ఈ పరీక్ష చేయకండి. అవి ఎండలో ఉన్నా పిండిపదార్థం నిల్వ చేయవు, చక్కెరల రూపంలోనే ఉంచుకుంటాయి, అయోడిన్‌కి నల్లబడవు. ప్రయోగం చెడిందనుకుని పిల్లలు దిగులు పడతారు.

నాకు మంట అసలు లేనిది ఇష్టం. పాలకూర ఆకులో స్ట్రాతో గుండ్రటి బిళ్ళలు కొట్టండి. గ్లాసు నీళ్ళలో చిటికెడు వంటసోడా (ఆకుకి కార్బన్ డై ఆక్సైడ్ అందడానికి), ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపాలి. సూది లేని సిరంజిలో బిళ్ళలు, ఆ నీళ్ళు తీసుకుని, ముందు గాలి బయటికి తోసేసి, మూతి వేలితో మూసి పిస్టన్ వెనక్కి లాగితే ఆకులో ఉన్న గాలి బుడగలై వస్తుంది. వేలు వదిలితే ఆ ఖాళీల్లోకి నీళ్ళు ఎక్కి బిళ్ళలు మునుగుతాయి. రెండు మూడు సార్లు లాగాలి. గ్లాసులో పోసి ఎండలో పెడితే కాసేపటికి ఆక్సిజన్ పుట్టి ఒక్కోటీ పైకి తేలతాయి. ఇంకో గ్లాసు చీకట్లో పెట్టండి, అందులోవి అడుగునే ఉంటాయి. వంటసోడా లేకుండా మూడోది పెడితే కార్బన్ డై ఆక్సైడ్ సంగతి కూడా తేలుతుంది.

మైక్రోస్కోప్_పిచ్చి
ఇది సూపర్. నీళ్ళలో హైడ్రిల్లా మీద గరాటు బోర్లించి, ఎండలో వచ్చే బుడగలు ఆక్సిజన్ అని చూపే ప్రయోగం మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ఎండలో నీళ్ళు వేడెక్కితే మామూలు నీళ్ళలోంచి కూడా బుడగలు వస్తాయి కదా.

ఆకు_పచ్చ
@మైక్రోస్కోప్_పిచ్చి అందుకే పక్కన మొక్క లేని గరాటు ఒకటి పెట్టాలి, అదే నీళ్ళు, అదే ఎండ. రెండిట్లో బుడగలు లెక్కపెట్టాలి. పోలిక లేకుండా చేస్తే బుడగలు వచ్చాయని తెలుస్తుంది గానీ ఎందుకొచ్చాయో తెలీదు.

హైటెక్_నాన్న
ఈ సిరంజి ఐడియా మాత్రం నాకూ పనికొచ్చేలా ఉంది, అరగంట పని. ఒక ప్రశ్న. రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందని మా వాడు చార్టులో రాశాడు. వాట్సాప్‌లో అందరూ పంపిస్తుంటారు. ఉంచొచ్చా?

గోదారి_గట్టు
మా తాతగారు కూడా అదే చెప్పేవారు. రావి కింద పడుకుంటే మంచిదని.

బయోసైన్స్_మేడం
తీసేయించండి. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ నీటి అణువు చీలడం వల్ల వస్తుంది, దానికి వెలుగు కావాలి. 1941లో రూబెన్, కామెన్ వాళ్ళు బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళు వాడి, వచ్చే ఆక్సిజన్ నీటిదేనని చూపించారు. రాత్రి వెలుగు లేదు, ఆ పని లేదు, శ్వాసక్రియ ఒక్కటే. రావి నీడ చల్లగా ఉంటుంది, పక్షులకి ఆశ్రయం, అవి రాసుకోమనండి.

కొన్ని మొక్కలు రాత్రిపూట చేసేది వేరే ఉంది. రణపాల, కలబంద, నాగజెముడు లాంటివి పత్రరంధ్రాలు రాత్రి తెరుస్తాయి, కార్బన్ డై ఆక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి, పగలు రంధ్రాలు మూసుకుని దాన్ని వాడుకుంటాయి. ఎండకి నీళ్ళు పోకుండా ఆ ఏర్పాటు. అవి రాత్రి తీసుకుంటాయి, ఆక్సిజన్ ఇవ్వవు.

గోదారి_గట్టు
అయితే మా జిల్లాకి ఇందులో వాటా ఉంది! ఆ రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని 1815లో లండన్ లీనియన్ సొసైటీ సంపుటంలో రాసిన బెంజమిన్ హేన్, మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. అక్కడ అంతకుముందున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తర్వాత వచ్చాడు. పుస్తకాల్లో ఎక్కడా ఒక్క ముక్క ఉండదు.

బయోసైన్స్_మేడం
@గోదారి_గట్టు ఇది పిల్లలకి తప్పకుండా చెప్తా. ఎవరూ ఆకు నమలొద్దు కానీ, రణపాలలో గుండె మీద పనిచేసే పదార్థాలు ఉంటాయి. తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు కోసి, విడివిడిగా నూరి, వడకట్టి, శంఖుపుష్పం నానబెట్టిన నీలిరంగు నీళ్ళలో సమానంగా కలిపి చూడండి. పొద్దుటి రసంలో ఆమ్లం ఎక్కువ కాబట్టి ఆ నీలిరంగుని ఊదా, ఎరుపు వైపు ఎక్కువ తిప్పుతుంది.

పదో_తరగతి_బి_సెక్షన్
మేడం లాస్ట్ డౌట్. ఎర్ర తోటకూర ఆకు ఎర్రగా ఉంది కదా, పత్రహరితం లేకుండా ఎలా బతుకుతుంది? సైన్స్ ఫెయిర్‌కి ఇది పెట్టాలనుంది.

ఆకు_పచ్చ
పెట్టు తమ్ముడూ, బాగుంటుంది. పత్రహరితం ఉంది, ఎరుపు కింద దాగి ఉంది. ఆ ఎరుపు నీళ్ళలో కరుగుతుంది, పత్రహరితం కరగదు. ఆకుని మరిగే నీళ్ళలో వేస్తే ఎరుపు నీళ్ళలోకి దిగి ఆకు పచ్చగా బయటపడుతుంది. మీ అమ్మగారు కూర వండేటప్పుడే చూడొచ్చు. తర్వాత ఆ పచ్చబడ్డ ఆకుని నూరి కాస్త స్పిరిట్ కలిపి, వేడి చేయకుండానే, వడకట్టిన రసం మూతలో పోసి తెల్ల చాక్‌పీస్ నిలబెట్టు. రసం పైకి పాకుతూ పచ్చ, పసుపు పట్టీలు విడిపోతాయి. చాక్‌పీస్ పూర్తిగా పొడిగా ఉండాలి, రసం చిక్కగా ఉండాలి, లేకపోతే పట్టీలు కలిసిపోతాయి.

పదో_తరగతి_బి_సెక్షన్
రంగు చాక్‌పీస్ వద్దు కదా?

ఆకు_పచ్చ
వద్దు, తెల్లదే. డస్ట్‌లెస్ అని అమ్మేవి కొన్ని సరిగ్గా పీల్చవు, బడిలో వాడే మామూలువి తీసుకో.